తెల్లగులాబీ వంట, ఎర్రగులాబీ వంట: ఉత్తర ఇంగ్లండులో ఎనిమిది రోజులు

రాజమండ్రి వచ్చి పది రోజులైంది. సూట్‌కేసులో స్వెటర్లు ఇంకా అలాగే ఉన్నాయి. మరిచిపోకముందే రాసేద్దామని ముందు ఈ పని పెట్టుకున్నాను. లీడ్స్‌లో మా అమ్మాయి దగ్గర రెండు నెలలున్నాం, నేనూ మావారూ. అందులో 2024 సెప్టెంబరు 8 నుంచి 15 దాకా జరిగిన సంగతులివి.

చూసిన కోటలూ చర్చిలూ ఫోటోల్లో ఉన్నాయి. నా మనసులో ఉండిపోయినవి మాత్రం తిండి దగ్గర అక్కడివాళ్ళు పడే పేచీలు. కోపతాపాల్లేని పేచీలు. ఏ కొవ్వులో వేయించాలి, కేరట్ వెయ్యాలా వద్దా, వెనిగరా పుదీనానా అని డెబ్బై దాటినవాళ్ళు కూడా పట్టుదలగా వాదించుకుంటారు. వాదించుకుంటూనే ఒకే గిన్నెలోంచి వడ్డించుకుంటారు. ఇంగ్లండువాళ్ళది చప్పిడి తిండి, చెప్పుకోవడానికేమీ ఉండదు అని మా వైపు అందరూ అంటారు, నేనూ అదే నమ్మాను. అంత పట్టింపు లేని తిండి గురించి ఎవరూ అంతసేపు వాదించుకోరని అక్కడికెళ్ళాక తెలిసింది.

సెప్టెంబరు 8, ఆదివారం: లీడ్స్

అమ్మాయి పక్కింట్లో ఒక ముసలి దంపతులుంటారు. ఆవిడ యార్క్‌షైర్ మనిషి. ఆయనది కొండకి అవతల, లాంకషైర్‌లోని ఓల్డమ్. ఇద్దరి పుట్టిళ్ళకీ మధ్య యాభై కిలోమీటర్లు కూడా ఉండదు, పెన్నైన్ కొండలు అడ్డం, అంతే. 1455లో యార్క్ వంశానికీ లాంకాస్టర్ వంశానికీ గద్దె కోసం మొదలైన యుద్ధాలకి గులాబీ యుద్ధాలని పేరు. తెల్లగులాబీ యార్క్‌ది, ఎర్రది లాంకాస్టర్‌ది. ఆ పేర్ల రెండు కౌంటీల (మన జిల్లాల్లాంటివి) క్రికెట్ జట్లకీ ఈనాటికీ అవే గుర్తులు. వీళ్ళ ఫ్రిజ్ తలుపు మీద తెల్లగులాబీ ఒకటి, ఎర్రగులాబీ ఒకటి పక్కపక్కన అతికించి ఉన్నాయి.

ఆదివారం భోజనానికి పిలవడానికి బుధవారం నాడే ఆవిడ గుమ్మంలోకొచ్చింది. "మీరేం తింటారు" అనలేదు, "మీరేం తినరు" అని అడిగింది. గొడ్డుమాంసం, పందిమాంసం తినమని చెప్పాను. చిన్న పుస్తకం తీసి రాసుకుంది. అంత శ్రద్ధగా అడిగినవాళ్ళని నేను మన బంధువుల్లో కూడా తక్కువ చూశాను.

ఒంటిగంటకి రమ్మంటే నేను పన్నెండింటికే వెళ్ళాను, వంట చూస్తానని ముందే అడిగి. కోడి అప్పటికే ఓవెన్లో ఉంది. అసలు పేచీ యార్క్‌షైర్ పుడ్డింగు మీద. పుడ్డింగంటే తీపి అనుకునేరు, కాదు. ఒకే కప్పుతో కొలిచి కప్పు గుడ్లసొన, కప్పు మైదా, కప్పు పాలు, చిటికెడు ఉప్పు. సోడా లేదు, బేకింగ్ పౌడర్ లేదు. దోసెల పిండికన్నా పల్చగా ఉంటుంది. వేడి కొవ్వులో పోసి కాలిస్తే నీటి ఆవిరి బలానికే పొంగుతుంది.

ఆవిడ పిండి రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెట్టింది. అరగంట నానితే చాలు, రాత్రంతా ఎందుకని ఆయన. అది మొదటి తగువు. పశువు కొవ్వులో, అంటే మాంసం కాలుతుంటే కారే డ్రిప్పింగ్‌లో పొయ్యకపోతే అది సగం పుడ్డింగే అని ఆవిడ నమ్మకం. మా కోసం ఆ రోజు నూనె వాడింది. ఆవనూనె జాతి గింజల నూనెలోనే బాగా పొంగుతుంది, నలభై ఏళ్ళుగా చెబుతున్నాను అని ఆయన సంబరపడ్డాడు. మూడో తగువు పాత్ర దగ్గర. వాళ్ళమ్మ చేసినట్టు ఒకే పెద్ద చదరపు రేకులో పోసి ముక్కలు కొయ్యాలని ఆవిడ అంటుంది. అడుగు మెత్తగా, అంచు కరకరగా వస్తుంది. ఆయనకి పన్నెండు గుంతల ట్రే కావాలి, విడివిడిగా, అంతా కరకర. ఆ ట్రే చూడగానే నాకు మా గుంతపొంగనాల పెనం గుర్తొచ్చింది. చివరికి రెండూ పెట్టారు.

220 డిగ్రీల వేడిలో నూనెకి పొగ వచ్చేదాకా ఆగి, రేకు బయటికి లాగి ఆవిడ చకచకా పిండి పోసింది. చుయ్యిమంది. పోసీ పొయ్యగానే అంచులు తెల్లబడి ముడుచుకున్నాయి. తలుపు మూసి, "ఇక ఇరవై ఐదు నిమిషాలు ఎవరూ ముట్టుకోకండి" అంది. ముట్టుకుంటే కుంగిపోతాయి. నేను నేలమీద కూర్చుని అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. మొదటి పది నిమిషాలు ఏమీ లేదు. తరవాత గుంతల్లో పిండి ఒక పక్కకి ఒరిగి లేచింది, ఒక్కొక్కటీ ఒక్కో వైపుకి. ఏ రెండూ ఒక్కలా లేవు. పెద్ద రేకులోది నాలుగు మూలలా గోడల్లా లేచి నడుమ చెరువులా మిగిలింది.

నాలుగంగుళాలు లేవకపోతే అది యార్క్‌షైర్ పుడ్డింగే కాదని 2008లో రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ వాళ్ళు చెప్పిన సంగతి ఆయన నాకు వివరించాడు. ఎత్తు లెక్క రసాయన శాస్త్రవేత్తలు చెప్పేదేమిటి, అమ్మ చెప్పాలి గాని, అని ఆవిడ.

వడ్డన దగ్గర మళ్ళీ పేచీ వచ్చింది. ఆవిడ పుట్టింటి పద్ధతిలో పుడ్డింగు ముందు వడ్డిస్తారు, ఉల్లిపాయల గ్రేవీతో, విడిగా. మాంసం తరవాత. అన్నీ ఒకే పళ్ళెంలో ఉండాలని ఆయన. ముందెందుకు అని అడిగాను. వాళ్ళమ్మ మాట చెప్పింది: "పుడ్డింగు ఎక్కువ తిన్నవాళ్ళకే మాంసం ఎక్కువ." పిల్లలు పుడ్డింగుతోనే కడుపు నింపేసుకుంటే ఉన్న కాస్త మాంసం అందరికీ సరిపోతుంది. నా ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మేం ఐదుగురు పిల్లలం. చేపలపులుసు చేసిన రోజు మా అమ్మ ముందు పప్పన్నం పెట్టేది, నెయ్యి కూడా ఆ రోజే ఎక్కువ వేసేది. ఎందుకో ఇంత వయసొచ్చాక లీడ్స్‌లో ఒక వంటింట్లో అర్థమైంది. ఆవిడకి చెప్పాను. ఏమీ అనకుండా నా పళ్ళెంలో ఇంకో ముక్క వేసింది.

మిగిలిన పుడ్డింగు ముక్కల మీద చిన్నప్పుడు గోల్డెన్ సిరప్ పోసుకుని తినేదట. సిరప్ డబ్బా తెచ్చి మావారికి ఒక ముక్క మీద పోసి ఇచ్చింది. అచ్చం బెల్లంపాకం. ఆయన రెండోసారి అడిగి వేయించుకున్నారు.

సెప్టెంబరు 10, మంగళవారం: విట్‌బీ

లీడ్స్ నుంచి విట్‌బీకి బస్సులో మూడు గంటల పైనే. టికెట్ మాత్రం 2 పౌండ్లు. ఇంగ్లండులో బస్సు ఛార్జీకి అప్పుడు ఆ పరిమితి ఉంది. పౌండు నూట పది రూపాయలు వేసుకుంటే 220. దారిలో మూర్స్ అనే ఆ బయలు కొండలు హెదర్ పూలతో ఊదారంగులో ఉన్నాయి, కొన్నిచోట్ల అప్పుడే వాడుతున్నాయి.

సముద్రం ఒడ్డున పాత రేవు ఊరు. 199 మెట్లెక్కి అబ్బే, అంటే పాత క్రైస్తవ మఠం, శిథిలాలు చూద్దామని బయల్దేరి వంతెన దాటకుండా ఇటువైపు కొండే ఎక్కేశాం. తిమింగలం దవడ ఎముకల తోరణం ఉన్న వైపన్నమాట. తప్పు దారైనా రేవంతా కాళ్ళకింద కనిపించింది. దిగొచ్చేసరికి ఆకలి.

యార్క్‌షైర్‌లో చాలా చేపల కొట్లు ఇప్పటికీ గొడ్డు కొవ్వులోనే వేయిస్తాయని పక్కింటావిడ ముందే చెప్పింది, అందుకని అడగకుండా కొనొద్దనీ చెప్పింది. మొదటి కొట్లో అడిగాను. "డ్రిప్పింగ్‌లోనే, లవ్" అంది కౌంటర్లో అమ్మాయి, కాస్త గర్వంగానే. నా మొహం చూసి వెంటనే అర్థం చేసుకుని, "మీరు తినరు కదా, రెండు సందులు దాటితే నూనెలో వేయించే కొట్టుంది, బాగుంటుంది" అని చేత్తో చూపించింది. తన బేరం పోతుందని చూడలేదు. లవ్ అని అక్కడ అందరూ అందర్నీ అంటారు. బస్సు డ్రైవరు మావారిని కూడా అన్నాడు.

రెండో కొట్లో కూర్చుని తిన్నాం. మనిషికి 14 పౌండ్లు, అందులోనే టీ, వెన్న రాసిన రెండు బ్రెడ్డు ముక్కలు. చేప, చిప్సు (మన కరకర చిప్సు కాదు, లావుగా తరిగి వేయించిన బంగాళాదుంప ముక్కలు) ఉండగా బ్రెడ్డెందుకో నాకు ముందు తోచలేదు. చిప్సుని బ్రెడ్డులో పెట్టుకుని తింటారు. మడత పెట్టగానే వేడికి వెన్న కరిగి వేళ్ళ మీదుగా కారుతుంది.

పక్క బల్ల దగ్గర దక్షిణాన కెంట్ నుంచి వచ్చిన జంట. వాళ్ళు కాడ్ చేప అడిగారు. వడ్డించే పెద్దావిడ తెస్తానంది గానీ నోరూరుకోలేదు. యార్క్‌షైర్‌లో హాడక్ తినాలి, అదీ తోలు తీసి. తోలుతో వేయిస్తే కింద ఆ బూడిదరంగు పొర మెత్తబడి పిండి అంటుకోదని ఆవిడ వాదన. తోలు ఉంటేనే ముక్క విరక్కుండా ఉంటుందని కెంట్ ఆయన. ఆవిడ లోపలికెళ్ళి చిన్న హాడక్ ముక్క ఒకటి వేయించి తెచ్చి వాళ్ళ మధ్య పెట్టింది, డబ్బు తీసుకోలేదు. వాళ్ళు తిన్నారు, బాగుందన్నారు, అయినా కాడే మేలన్నారు. ఆవిడ నవ్వుతూ వెళ్ళిపోయింది.

నాకు హాడకే నచ్చింది. కాడ్ పెద్ద పెద్ద రెక్కలుగా విడిపోతుంది, హాడక్ కాస్త తీపి.

స్క్రాప్స్ కావాలా అని అడిగారు. బజ్జీల మూకుడులో తేలే పిండి తుంపర లేదూ, అది. ఊరికే ఇస్తారు, ఉప్పు వెనిగరు చల్లి. ఇక మషీ పీస్. చేలోనే ఎండిపోయేదాకా ఉంచిన పెద్ద బఠాణీలని రాత్రి వంటసోడా వేసిన నీళ్ళలో నానబెట్టి, పొద్దున మెత్తగా ఉడికిస్తారు. ముద్దపప్పు ఆకుపచ్చగా ఉంటే ఎలా ఉంటుందో అలా. నేను పుదీనా సాస్ వేసుకున్నాను, మావారు వెనిగరు. రెండూ బల్ల మీద పెట్టే ఉంచారు. ఆ విషయంలో మటుకు ఆ కొట్టువాళ్ళు ఎవరి పక్షమూ తీసుకోలేదు.

ఆ రాత్రి ఈ కబుర్లన్నీ చెబితే ఓల్డమ్ పెద్దాయన, అసలు చేపలూ చిప్సూ కలిపి అమ్మింది మా వైపు మోస్లీలో అన్నాడు. కాదు, లండన్‌లో అని మా అమ్మాయి చదివి వినిపించింది. 1860ల్లో రెండు చోట్లా అమ్మారనే రాసి ఉంది. ఆయన వినే రకం కాదు. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ చేపలూ చిప్సుకి రేషను పెట్టలేదని చెప్పి, మా అమ్మ ఆ రోజుల్లో గిన్నె పట్టుకుని లైన్లో నిలబడేది అన్నాడు.

సెప్టెంబరు 13, శుక్రవారం: టాడ్‌మార్డెన్, తప్పు రైలు, బెరీ

మాంచెస్టర్‌లో ఒక రాత్రి ఉండేలా బయల్దేరాం. పెద్దాయన చెప్పాడని దారిలో టాడ్‌మార్డెన్‌లో దిగాం. చిన్న ఊరు. అక్కడి టౌన్‌హాలు 1875లో తెరిచారు. కింద వాగు పారుతుంది, ఆ వాగే అప్పట్లో యార్క్‌షైర్‌కీ లాంకషైర్‌కీ సరిహద్దు. అంటే ఒకే భవనం రెండు కౌంటీల్లో ఉండేది. పైన ముక్కోణపు శిల్పంలో ఒక పక్క లాంకషైర్ నూలు పని, ఇంకో పక్క యార్క్‌షైర్ వ్యవసాయం చెక్కారు. 1888లో సరిహద్దు జరిపి ఊరంతా యార్క్‌షైర్‌లో కలిపారు. రోడ్ల పక్కన మడుల్లో కూరలూ ఆకులూ పెంచి ఎవరైనా కోసుకోవచ్చని బోర్డులు పెట్టారు, 2008 నుంచి సాగుతోందిట. నేనొక రోజ్‌మేరీ రెబ్బ తుంచి వాసన చూసి జేబులో వేసుకున్నాను.

టీకొట్టులో మా వెనక బల్ల దగ్గర ఇద్దరు స్నేహితురాళ్ళు షెపర్డ్స్ పై అనే వంటకం మీద వాదించుకుంటున్నారు. అడుగున కీమా, పైన నలిపిన బంగాళాదుంప, ఓవెన్లో ఎర్రగా కాలుస్తారు. గొర్రె కీమా అయితే గొర్రెలకాపరి పేరుతో షెపర్డ్స్ పై, గొడ్డుమాంసం అయితే కాటేజ్ పై. ఇందులో ఇద్దరికీ పేచీ లేదు. బఠాణీలు కీమాలో కలపాలా, పక్కన పెట్టాలా అన్నదే గొడవ. లోపల కలిపితే రంగు చచ్చి బూడిదై పోతాయని ఒకావిడ. పక్కన పెడితే పళ్ళెమంతా దొర్లుతాయని ఇంకొకావిడ. నేను వెనక్కి తిరిగి వింటున్నానని చూసి కుర్చీ ఇటు లాక్కోమన్నారు. ఆ కొట్లో కీమా బదులు మసూర్ లాంటి పప్పుతో చేసింది కూడా ఉంది, 7 పౌండ్లు, మేం అదే తిన్నాం. పైన దుంప ముద్ద మీద ఫోర్కుతో చాళ్ళు గీస్తారు, దుక్కి దున్నినట్టు. గట్టు గట్టుకీ ఎర్రగా కాలుతుంది. ఆ కరకర కోసమే ఆ గీతలని వాళ్ళిద్దరూ ఒక్కమాటగా చెప్పారు.

కబుర్లలో పడి మాంచెస్టర్ రైలనుకుని బ్లాక్‌బర్న్ రైలెక్కేశాం. లోయ ఇరుకైపోతుంటే మావారికి అనుమానం వచ్చింది. బర్న్‌లీలో దిగి, తిరుగు రైలుకి గంట ఆగాలి. స్టేషను బయట ఒక బేకరీలో బటర్ పై అని రాసి ఉంది. బంగాళాదుంప, ఉల్లిపాయ, వెన్న, మిరియాలు, అంతే. లాంకషైర్‌లో క్యాథలిక్కులు ఎక్కువ. వాళ్ళు శుక్రవారం మాంసం తినరు, వాళ్ళ కోసం పుట్టిన పై ఇది. మేం వెళ్ళిందీ శుక్రవారమే. జున్ను వేస్తే ఇంకా రుచి కదా అన్నాను. బేకరీ ఆయన తల అడ్డంగా ఊపి, "జున్ను వేస్తే దానికి వేరే పేరుంది, పక్క అరలో ఉంది" అన్నాడు. 3 పౌండ్లు. బెంచీ మీద కూర్చుని కాగితంలోంచి తిన్నాం. ఉల్లిపాయలు పూర్తిగా కరిగిపోయేదాకా మగ్గించాడు, నోట్లో ఎక్కడా తగల్లేదు, తీపి మాత్రం తెలిసింది. దారి తప్పకపోతే ఇది తినేవాళ్ళం కాదు.

మాంచెస్టర్ చేరి, ట్రామెక్కి బెరీ మార్కెట్‌కి వెళ్ళేసరికి మూడున్నర. బెరీ అంటే బ్లాక్ పుడ్డింగు, పందిరక్తంతో చేసే సాసేజి. నల్లని ఉంగరాల్లా వరసగా పేర్చి ఉన్నాయి. మేం తినలేదు. నేను వెతుక్కుంటూ వచ్చింది బ్లాక్ పీస్ కోసం.

గోధుమరంగు గట్టి బఠాణీలు. రాత్రి నానబెట్టి గంటల తరబడి సన్నని సెగన ఉడికిస్తే నల్లబడతాయి. ప్రెస్టన్ వైపు వీటినే పార్చ్‌డ్ పీస్ అంటారు. ఒక కాగితం కప్పు నిండా పోసి, రెండు గరిటెల ఆ నల్లని చారు కూడా వంచి ఇచ్చింది కొట్టావిడ. 2 పౌండ్లు. ముఖం దగ్గరికి తెచ్చుకోగానే ఉలవలు ఉడికిన వాసన! అదే మట్టి వాసన, అదే చిక్కదనం. కప్పు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. చెంచాతో నొక్కితే పొట్టు విడి లోపల వెన్నలా ఉంది. దసరాకి గుళ్ళో గుగ్గిళ్ళు పంచుతారు చూడండి, అవి చారులో మునిగితే ఇలా ఉంటాయి.

కొట్టు దగ్గర నిలబడి తింటున్న ఇద్దరు ముసలాళ్ళకి చారు గురించే తగువు. చారు వంచేసి పొడిగా తినాలని ఒకాయన, చారే ప్రాణమని ఇంకొకాయన. వెనిగరు ఎంత అన్నది ఇంకో గొడవ. సోడా వేసి నానబెడతారా అని నేనడిగాను. ఇద్దరూ ఒక్కసారే "వద్దు" "వెయ్యాలి" అన్నారు. కొట్టావిడని అడిగితే వేస్తున్నదీ లేనిదీ చెప్పలేదు, ఇరవై ఏళ్ళుగా వీళ్ళిద్దరూ రోజూ వస్తున్నారు, అది చాలు అంది. ఉలవచారు సంగతి చెప్పి, మేం పశువులకి ఉడికించిన ఉలవల నీళ్ళతో చారు కాస్తామన్నాను. ఇవీ ఒకప్పుడు పేదవాళ్ళ తిండీ, పావురాల మేతానూ అంది.

సెప్టెంబరు 14, శనివారం: లివర్‌పూల్

శనివారం మేం నీచు ముట్టం. లివర్‌పూల్ అంటే స్కౌస్, మాంసమూ బంగాళాదుంపలూ ఉల్లీ కేరట్లూ వేసి కూరకీ పులుసుకీ మధ్యగా ఉడికించేది. ఉత్తర సముద్రపు ఓడల మీద నావికులు తినే లాబ్‌స్కౌస్ నుంచి వచ్చింది. ఊరివాళ్ళకి స్కౌసర్లనే పేరు దీనివల్లే. మనకి శనివారం అడ్డమొచ్చిందే అనుకుంటూ అడిగితే, మాంసం లేకుండా చేసేది కూడా ఉందని చెప్పారు. బ్లైండ్ స్కౌస్, గుడ్డి స్కౌస్. మాంసం కొనలేని రోజుల్లో ఇంట్లో అదే వండుకునేవాళ్ళు. 8 పౌండ్లు, పెద్ద గిన్నె, పక్కన గట్టి అంచు బ్రెడ్డు.

"ఎర్ర క్యాబేజీయా, బీట్‌రూటా?" అని అడిగాడు కుర్రాడు. రెండూ వెనిగర్లో ఊరేసినవే. నేను నీ ఇష్టం అన్నాను. అనకూడనిమాట. ఎర్ర క్యాబేజీ అని అతను, బీట్‌రూట్ అని వంటింట్లోంచి వాళ్ళమ్మ. ఆవిడ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. మాంసం విషయంలోనూ ఇంట్లో పడదట, ఆవిడ గొర్రె, భర్త గొడ్డు. ఆవిడ దుంపలు రెండు విడతలుగా వేస్తుంది. మొదటివి పూర్తిగా కరిగి పులుసు చిక్కబడడానికి, రెండోవి ముక్కగా నోటికి తగలడానికి. ఇది నాకు బాగా నచ్చింది. ఇంటికొచ్చాక బంగాళాదుంప కుర్మాలో ఇలాగే చేశాను, కొబ్బరి తగ్గించినా చిక్కగా వచ్చింది.

రెండు ఊరగాయలూ రుచి చూశాను. నా ఓటు ఎర్ర క్యాబేజీకి. బీట్‌రూట్ తీపి ఆ చిక్కని పులుసుని ఇంకా బరువు చేస్తుంది, క్యాబేజీ పులుపూ కరకరా తేలిక చేస్తాయి. ఆవిడ ముందు చెప్పలేకపోయాను.

సెప్టెంబరు 15, ఆదివారం: మళ్ళీ లీడ్స్

ఈసారి పెద్దాయన వంతు. లాంకషైర్ హాట్‌పాట్. గొర్రె మెడ ముక్కలు, ఉల్లిపాయలు, ఉప్పు, మిరియాలు, కాసిని నీళ్ళు. పైన బంగాళాదుంప చక్రాలు, పెంకుటింటి కప్పులా ఒకదాని మీదికి ఒకటి ఎక్కేలా. పొద్దున తొమ్మిదింటికి మట్టికుండ మూతపెట్టి సన్నని వేడికి ఓవెన్లో పెట్టాడు. నూలు మిల్లుల కాలంలో పొద్దున పెట్టేసి పనికెళ్తే సాయంత్రానికి ఉడికేదట. చివరి అరగంట మూత తీసి దుంపలు ఎర్రబడనిచ్చాడు.

కేరట్ వెయ్యమని ఆవిడ, వేస్తే అది హాట్‌పాట్ కాదు, స్టూ అని ఆయన. మూత్రపిండాలు వెయ్యడానికి ఇద్దరికీ అభ్యంతరం లేదు. పూర్వం ఆయిస్టర్ గుల్లల మాంసం కూడా వేసేవాళ్ళు, అప్పట్లో అవి చవక. ఆవిడ ఒక కేరట్ చెక్కు తీసి, విడిగా ఉడికించి, చిన్న గిన్నెలో తన పళ్ళెం పక్కన పెట్టుకుంది. ఎన్నేళ్ళ నుంచి అలా చేస్తున్నారని అడిగాను. పెళ్ళయిన ఏడాది నుంచీ అంది. మెడ ముక్క ఎముక వదిలి వచ్చేసింది. పైన చక్రాల కింది వైపు మాంసం రసం పీల్చి మెత్తగా, పై వైపు అప్పడంలా ఉంది.

తరవాత ఆవిడ చేసిన రైస్ పుడ్డింగు. పొట్టి బియ్యం, పాలు, పంచదార, కాస్త వెన్న, పైన జాజికాయ గీరి రెండు గంటలు ఓవెన్లో. నేను అలవాటుగా బియ్యం కడగబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. కడిగితే ఆ గంజి పోతుంది, గంజే చిక్కదనం. పరవాన్నానికి మేం మూడుసార్లు కడుగుతామంటే నమ్మలేకపోయింది. పైన మీగడ కట్టి, ఎర్రబడి, మచ్చలు మచ్చలుగా తోలులా తయారైంది. పెద్దాయనకి పుడ్డింగు పొయ్యి మీద కలుపుతూ చెయ్యాలి, తోలు పనికిరాదు. తోలంతా ఆవిడకే. ఆ రోజు సగం కోసి నాకు పెట్టింది. చిన్నప్పుడు పాలగిన్నె అడుగు గోకుడు కోసం మా అన్నతో కొట్టుకున్నదాన్ని. పళ్ళకింద సాగి, చివర కాస్త చేదుగా కారమెల్ రుచి తగిలింది. ఆ సగం ముక్క ఆవిడ ఎంత ఇష్టంగా వదులుకుందో నాకు తెలుసు.

టీలో పాలు ముందా తరవాతా అన్నది కూడా తేల్చుకోవాలని చూశారు గానీ రాత్రయిపోయింది.

వచ్చేముందు పుడ్డింగు కొలతలు రాసిమ్మని అడిగాను. ఆవిడ కాగితం మీద రాసింది. ఆవిడ లేనప్పుడు ఆయన పెన్ను తీసుకుని "రాత్రంతా" అన్నది కొట్టేసి "అరగంట" అని రాశాడు. ఆవిడ చూసి, కొట్టివేత పైన మళ్ళీ "రాత్రంతా" అని పెద్దక్షరాలతో రాసి నా చేతికిచ్చింది. కాగితం ఇప్పుడు మా ఫ్రిజ్ మీద ఉంది.

రాజమండ్రి

మొన్న ఆదివారం చేశాను. చిన్న ఓవెన్, కేకుల ట్రే, వేరుశనగనూనె. పిండి సగం శనివారం రాత్రే కలిపాను, సగం ఆదివారం అరగంట ముందు. తలుపు ముట్టుకోకుండా ఇరవై ఐదు నిమిషాలు కూర్చున్నాను. రెండూ లేచాయి, రాత్రిది ఒక వేలెడు ఎక్కువ. గుంతల్లో మటన్ పులుసు పోసి ముందు వడ్డించాను, అన్నం తరవాత.

మావారు మొదటిది పులుసుతో తిన్నారు. రెండోది చేతిలో పట్టుకుని బెల్లంపాకం ఉందా అని అడిగారు. అది మిగిలిన వాటికి, మర్నాటికి, ఇప్పుడు పులుసే అన్నాను. ఆయన లేచి వెళ్ళి తనే పొయ్యి వెలిగించుకున్నారు.